జేబుల్లో రాళ్ళు

మా పోస్టులో మొదట పన్నెండుమంది మగాళ్ళు.
మంచు పడే వేళకి యుద్ధం వాళ్ళని పిలిపించుకుంది.
తాళ్ళు మిగిలాయి. తాళ్ళకి మేం ఏడుగురు ఆడవాళ్ళం.
టోపీలు కుట్టే కపితోలినా,
ట్రాము కండక్టరు రిమ్మా,
లెక్కల పంతులమ్మ అగ్నియా,
ఇంకో ముగ్గురు, వాళ్ళ పేర్లు తర్వాత చెప్తాను,
నేను. చెప్పుల ఫ్యాక్టరీలో పెట్టెలకి చీటీలు అంటించేదాన్ని.

పగలు గ్యాసు సంచి మోసుకు రావాలి.
మోయడం అన్నానా? తప్పు మాట.
అది లేచిపోతానంటే కాదని నేలని చూపించడం మా పని.
లెనిన్‌గ్రాడ్ వీధిలో బూడిదరంగు ఏనుగంత సంచి,
అటు ముగ్గురం, ఇటు నలుగురం, పలుపులు పట్టుకుని.
తలబిరుసు గొడ్డులా ఆకాశంకేసి మోర ఎత్తేది.
మూలమలుపు దగ్గర ఒక ముసలాయన రోజూ టోపీ తీసేవాడు,
శవయాత్ర అనుకున్నాడో, పెళ్ళి అనుకున్నాడో.

చీకటి పడ్డాక బెలూన్ని వదిలేవాళ్ళం.
వించి మూలుగుతుంటే అగ్నియా మీటర్లు లెక్కపెట్టేది,
వెనకబెంచీ వాళ్ళకి వినపడేట్టు, గట్టిగా.
మబ్బు దాటాక బెలూను కనపడదు.
తీగ ఒక్కటే.
చేతిగుడ్డ తీసి తాకితే
పైన గాలి ఏమంటోందో అరచేతికి తెలిసేది.

పెట్రోలు అయిపోయింది.
పాతబడి పైకి లేవలేని గ్యాసుతోనే
ఇంజను తిప్పాడు మా మెకానిక్కు.
"చూశావా, ముసలి గ్యాసుకి కూడా పెన్షన్ లేదు" అంది రిమ్మా.
ఆ శీతాకాలం నేను నవ్వింది అదొక్కసారే.

డిసెంబరు.
రొట్టె నూట పాతిక గ్రాములు.
అందులో పిండి ఎంత అని ఎవరం అడగలేదు.
మేం తగ్గిపోతున్నాం, సంచి మాత్రం తగ్గలేదు.
ఒక పొద్దున అది కపితోలినాని ఎత్తుకుపోయింది.
ముందు మడమలు లేచాయి, తర్వాత వేళ్ళు.
రిమ్మా ఎగిరి కాలు పట్టుకుంటే
ఫెల్టు బూటు చేతిలోకి వచ్చింది, మనిషి రాలేదు.
వదిలెయ్ అని అరిచాం.
తాడు వదిలితే గ్యాసు పోతుందని వదల్లేదు ఆ పిచ్చిది.
మిగిలిన తాళ్ళన్నీ గుంజి, గుంజి,
అరగంటకి దించాం, ఒక కాలు నీలంగా.

పైనుంచి ఏం కనపడింది అన్నాను.
"మా ఇల్లు. గోడ లేదుగా, లోపలంతా కనపడింది.
కెటిలు స్టవ్వు మీదే ఉంది.
మూత పెట్టడం మర్చిపోయాను."

ఆ రోజునుంచి కోటు జేబుల్లో రాళ్ళు.
కూలిన ఇళ్ళవే. రాళ్ళకేం కొదవ.
మనిషి బరువు ఇంత, గ్యాసు లాగుడు ఇంత అని
అగ్నియా మంచు మీద కర్రతో లెక్క వేసేది.
వారం వారం రాళ్ళ అంకె పెరిగేది.
జనవరి పదకొండున ఆమె లెక్కకి లేవలేదు.
రొట్టెకార్డు ఆఫీసుకి అప్పజెప్పాం.
రాళ్ళు మేం పంచుకున్నాం.

ఎన్ని విమానాలు కూల్చారని తర్వాత బడిపిల్లలు అడిగారు.
ఒక్కటీ లేదు బాబూ.
మా తీగకి తగిలింది ఒక కాకి.
తీగంటే భయపడి వాళ్ళు ఎత్తున ఎగిరారు,
ఎత్తునుంచి వేస్తే గురి తప్పింది.
వంతెన నిలిచింది, పతకం ఇచ్చారు.
గురి తప్పిన బాంబు ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది.
ఎక్కడ అని నేను అడగలేదు.
అడగాల్సింది.

రొట్టె పెరిగాక రాళ్ళు తీసేయమన్నారు.
కోటు తేలికైతే నాకు నడక కుదిరేది కాదు,
చాలా రోజులు గోడ పట్టుకునే నడిచాను.
అగ్నియా రాయి ఒకటి ఉంచుకున్నాను, కుడిజేబులో,
ఒక పక్క ఇంకా నీలం సున్నం అంటుకుని ఉంది,
ఎవరి వంటింటి గోడో.
కొక్కేనికి తగిలిస్తే
కోటు ఇప్పటికీ ఆ పక్కకే వాలుతుంది.